దూరదర్శిని ప్రక్కనున్న గది

వేధశాల యనగానే మన కన్నులకు గుండ్రని గోపురమును, దానిలోనుండి ఆకాశమువైపు చూచు పొడవైన గొట్టమును గోచరించును. ఆ గోపురము ప్రక్కనే కిటికీలు మూసియుంచిన చిన్న గది యొకటి యుండుననియు, ఆకాశముయొక్క ఛాయాచిత్రములు నిజముగా పుట్టినది ఆ గదిలోననియు సాధారణముగా ఎవరికిని తోచదు. రాత్రి గోపురములో పట్టిన దానిని ఆ గదిలో కడుగవలెను, ఆరబెట్టవలెను, బల్లమీద పరచి కొలువవలెను, తేది వేసి బీరువాలో దాచవలెను. ఇండ్లలో వేధశాలలు కట్టుకొన్నవారి చరిత్రను పరిశీలించినచో, వారి శ్రమలో ఏది నిలిచినదో, ఏది చెదరినదో నిర్ణయించినది దూరదర్శినియొక్క వెడల్పు కాదు, ఈ గదియే యని నా యభిప్రాయము.

ఆకాశ ఛాయాగ్రహణము పెరిగినది ఇండ్లలో ననుట అతిశయోక్తి కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో ప్రభుత్వ వేధశాలల పని వేరు. నక్షత్రముల స్థానములు కొలుచుట, నావికులకు కాలము తెలుపుట, పంచాంగమునకు వలసిన గణితము సమకూర్చుట—గ్రీనిచ్‌లోనైనను మద్రాసులోనైనను ఉద్యోగులకు ఇదియే నిత్యకృత్యము. క్రొత్త రసాయనములతో వ్రేళ్ళు నల్లబరచుకొను తీరిక వారికి తక్కువ. ఆ తీరికయు, ధనమును, కొంత పిచ్చియు గలవారు తమ తోటలలో పని ప్రారంభించిరి. లండనులో కాగితము, ముద్రణ వ్యాపారము గల కుటుంబమువాడైన వారెన్ డి లా రూ 1852లో తన ఇంటి దూరదర్శినితో చంద్రుని చిత్రములు తీసెను. గడియారపు యంత్రముతో దూరదర్శినిని త్రిప్పు సాధనము అప్పటికి ఆయనకు లేదు. చంద్రుడు కదలుచుండగా గొట్టమును చేతితోనే ఆయనవెంట నడిపించెను.

ఆ దినములలో వాడుకలోనున్నది తడి కొలోడియన్ పద్ధతి. గాజుపలకకు జిగురువంటి ద్రవము పూసి, వెండిలవణపు నీటిలో ముంచి, ఆ తడి ఆరకముందే దూరదర్శినికి తగిలించి చిత్రము తీయవలెను. ఆరకముందే తెచ్చి కడుగవలెను. కావున చీకటిగది దూరదర్శినికి నాలుగడుగుల దూరములో నుండక తప్పదు. నిమిషములలో పని ముగియవలసియుండుటచేత చంద్రుడు, సూర్యుడు, కొన్ని ప్రకాశవంతములైన నక్షత్రములు తప్ప మరేమియు ఆ పలకకు చిక్కవు. 1871లో రిచర్డ్ మాడాక్సు అను ఆంగ్ల వైద్యుడు జెలటినుతో పొడిపలక చేయు మార్గము చూపెను. ఇక పలకను ముందుగానే సిద్ధపరచుకొనవచ్చును; గంటలకొలది ఆకాశమునకు చూపవచ్చును; తీరికగా కడుగవచ్చును. వైద్యుడు చూపిన ఈ చిన్న సౌకర్యము ఖగోళశాస్త్రమునకు చేసిన మేలు గొప్ప దూరదర్శినులు చేసిన మేలుకు తీసిపోదు.

ఫలితము త్వరలోనే కనబడెను. న్యూయార్కు సమీపమున హడ్సన్ నదియొడ్డున తన వేధశాల కట్టుకొన్న హెన్రీ డ్రేపర్ 1880 సెప్టెంబరు 30వ తేదీ రాత్రి మృగవ్యాధ మండలములోని మహానీహారికకు 51 నిమిషములు పలకను తెరచియుంచి, దాని ప్రథమ ఛాయాచిత్రమును తీసెను. లండను చెంతనున్న ఈలింగులో, పారిశుధ్య నిర్మాణములు వృత్తిగా గల ఆండ్రూ కామన్ అను ఇంజనీరు ఇంటి తోటలో 36 అంగుళముల అద్దము గల దూరదర్శినిని నిలిపి, 1883లో అదే నీహారికను 37 నిమిషములు చిత్రించెను. ఆ పలకమీద కంటికి ఎన్నడును కనబడని నక్షత్రములు కనబడెను. అంతవరకు ఛాయాచిత్రము కంటికి సాక్షి మాత్రమే. ఆ రాత్రినుండి కంటిని మించిన చూపు. లివర్పూలులో గృహనిర్మాణ వ్యాపారియైన ఐజక్ రాబర్ట్సు 1888 డిసెంబరులో దేవయాని నీహారికకు నాలుగు గంటలు పలక చూపగా, దాని సుడులు మొదటిసారి స్పష్టముగా తెలిసెను. నాలుగు గంటలనగా డిసెంబరు చలిలో గొట్టముదగ్గర నుండి, మార్గదర్శకమైన నక్షత్రమొకటి తీగల కూడలినుండి వెండ్రుకవాసి తొలగకుండ కనిపెట్టుచుండుట. మనము చిత్రమును చూచి మెచ్చుకొందుము. దానివెనుక నున్న మెడనొప్పి చిత్రములో పడదు.

ఈ ముగ్గురి అనంతర చరిత్ర గమనింపదగినది. డ్రేపర్ 1882లో అకాలమరణము చెందెను. భర్తతోపాటు చీకటిగదిలో పలకలు సిద్ధపరచిన ఆయన భార్య అన్నా పామర్ డ్రేపర్ తన ధనమును హార్వర్డు వేధశాలకు ఇచ్చి, నక్షత్రముల వర్ణపటములను చిత్రించి వర్గీకరించు పనిని ఆయన పేర సాగించెను. 1918 నుండి 1924 వరకు వెలువడిన హెన్రీ డ్రేపర్ పట్టికలో 2,25,300 నక్షత్రములు కలవు. నేటికిని అనేక నక్షత్రములను ఆ పట్టికలోని సంఖ్యలతోనే పిలుచుచున్నారు. కామన్ అద్దము చేతులు మారి, చివరకు 1895లో కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలకు చేరెను. రాబర్ట్సు 1904లో మరణించగా ఆయన పలకలలో కొన్నిటిని భార్య డొరొథియా క్లుంప్కే సంపుటముగా ప్రకటించెను. ఆమె వివాహమునకు పూర్వము పారిసు వేధశాలలో నక్షత్రపు పలకలను కొలుచు విభాగమునకు అధిపతి. భర్త బీరువాలో నున్నదేమో చదువగల చదువు ఆమెకు కలదు. ఆ చదువు లేనిచో అవి గాజుముక్కలే.

మన దేశమున ఈ అభిరుచి ఆలస్యముగా వచ్చినదని తలచువారు విశాఖపట్టణమును స్మరింపవలెను. గోడే వెంకట జగ్గారావుగారు (1817–1856) జమీందారీ కుటుంబమున జనించి, మద్రాసు వేధశాలాధిపతియైన థామస్ టేలరు నొద్ద జ్యోతిర్గణితము నభ్యసించి, 1840 ప్రాంతమున డాబాగార్డెన్సులోని తమ ఇంటి ఆవరణములో వేధశాల నెలకొల్పిరి. జమీందారులు ఏనుగులను, భోగముమేళములను పోషించుచున్న కాలమది. ఆయన నక్షత్రములను నమ్ముకొనెను. ఆ వేధశాల కేవలము యజమానుని వినోదముగా నుండక, డాల్ఫిన్సు నోసు కొండమీద ధ్వజస్తంభము నిలిపి, దానినుండి ఓడలకు కాలసంకేతము తెలిపెను. రేవులోనున్న నావికుడు తన గడియారమును సరిచూచుకొనినది ఒక గృహస్థుని తోటలోని లెక్కను బట్టియే.

ఆయన అనంతరము అల్లుడైన అంకితము వెంకట నరసింగరావుగారు (1827–1892) ఆ భారమును వహించిరి. లండనులోని రాజకీయ ఖగోళశాస్త్ర సంఘమునకు సభ్యులై, ఆ సంఘపు పత్రికకు తమ పరిశీలనములు పంపిరి. 1874లో ఆరంగుళముల కుక్ దూరదర్శినిని సమకూర్చుకొనిరి. ఆ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా సాగినప్పుడు ఉత్తరమున రూర్కీలో కల్నల్ టెన్నెంటు నాయకత్వమున ప్రభుత్వ బృందము సూర్యచిత్రయంత్రముతో పలకలు తీయుచుండెను. విశాఖలో నరసింగరావుగారు కంటితో చూచి కాలము గుర్తించిరి. ప్రభుత్వమునకు యంత్రము, గృహస్థునకు కన్ను. వాతావరణ వివరములను గూడ ఆయన క్రమము తప్పక నమోదుచేసి ప్రకటించుచుండిరి. మూడవ తరమువారగు అంకితము వెంకట జగ్గారావుగారి హయాములో, 1898 ప్రాంతమున, ఆ ఇంటిలో ఆకాశ ఛాయాగ్రహణము ప్రారంభమయ్యెను. ప్రారంభమయ్యెనని చెప్పుటతోనే ఆ వేధశాల చరిత్రయు ముగియుచున్నది. అరువదేండ్లకు సమీపముగా కాలమును, గాలిని, గ్రహణములను లెక్కించిన ఇల్లు, పలక చేతికి వచ్చిన వేళకు వారసులు లేనిదయ్యెను. నేడు ఆ వేధశాల లేదు. డాబాగార్డెన్సు అను పేరు నగరములో మిక్కిలి సందడిగల ప్రాంతమునకు మిగిలినది.

మామనుండి అల్లునకు, తండ్రినుండి కొడుకునకు సంక్రమించినంతకాలము అభిరుచి బ్రతుకును. నాలుగవ తరమున పిల్లవానికి సంగీతమో వ్యాపారమో ప్రీతియైనచో దానిని తప్పు పట్టుటకు లేదు. ఆకాశము ఆస్తివంటిది కాదు, పంచి యిచ్చుటకు. ఈ సత్యమును హైదరాబాదునందలి యొక ప్రభువు ముందుగానే గ్రహించినట్లు కనబడును.

నవాబు జఫర్ జంగ్ నిజాము కొలువునందలి ఉన్నతకుటుంబీకుడు. ఇంగ్లాండులో 15 అంగుళముల గ్రబ్ దూరదర్శినిని కొని తెచ్చి, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల నెలకొల్పెను. ఆరవ నిజామైన మీర్ మహబూబ్ అలీఖాను అనుమతి పొంది దానికి నిజామియా వేధశాల యని పేరు పెట్టెను. తన తదనంతరము ప్రభుత్వమే దానిని స్వీకరింపవలెనని కోరెను. సొంత సొమ్ముతో కట్టిన దానికి తన పేరు పెట్టుకొనక ప్రభువు పేరు పెట్టుట వినయమో, లోకజ్ఞానమో చెప్పజాలము. రెండును కావచ్చును. ఆయన 1907లో మరణించెను. 1908లో ప్రభుత్వము వేధశాలను తన ఆధీనములోనికి తీసికొని, చాట్‌వుడ్ అను ఆంగ్లేయుని అధిపతిగా నియమించి, బేగంపేటకు మార్చెను. నవాబు ఎంతో మక్కువతో తెచ్చిన పదునైదంగుళముల గొప్ప దూరదర్శిని 1922 వరకు ప్రతిష్ఠకు నోచుకొనలేదు. ఈలోగా పేరుప్రతిష్ఠలు తెచ్చినది 1909లో నిలిపిన ఎనిమిదంగుళముల ఛాయాచిత్ర దూరదర్శిని. వెడల్పును గూర్చి మొదట నేను చెప్పిన మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

1887లో పారిసునందు సమావేశమైన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఆకాశమునంతను ఛాయాచిత్రములుగా తీసి, నక్షత్రముల పట్టిక తయారు చేయుటకు నిశ్చయించి, ఒక్కొక్క వేధశాలకు ఆకాశములో ఒక్కొక్క పట్టీని పంచియిచ్చిరి. భూమిమీద అక్షాంశములవలె ఆకాశములోను గీతలు కలవని భావించినచో, ఒక్కొక్క పట్టీ రెండు గీతల నడుమనున్న నేలవంటిది. దక్షిణమున 17 నుండి 23 అంశముల వరకు గల పట్టీ మొదట చిలీ దేశపు శాంటియాగోకు కేటాయింపబడినను, అక్కడ పని సాగలేదు. దానిని హైదరాబాదు చేపట్టినది. తరువాత ఉత్తరమున 36 నుండి 39 వరకు గల భాగమును గూడ స్వీకరించినది. చాట్‌వుడ్ పిమ్మట 1914 నుండి పోకాక్ అనునతడును, ఆయన 1918లో మరణించిన తరువాత టి. పి. భాస్కరనుగారును ఆ పనిని నడిపించిరి. భాస్కరనుగారు ఆ వేధశాలకు ప్రథమ భారతీయ అధిపతి. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరినది.

పని యెట్టిదో కొంచెము చెప్పవలెను. పలకమీద నక్షత్రములతోపాటు అయిదేసి మిల్లీమీటర్లకొక గీత చొప్పున సన్నని గళ్ళు ముద్రింపబడును. పగలు ఒకడు సూక్ష్మదర్శినిక్రింద పలకను పరచి, ఏ గడిలో ఏ చుక్క ఎడమగీతకు ఎంత దూరము, క్రిందిగీతకు ఎంత దూరము, దాని మచ్చ ఎంత పెద్దది అని చెప్పుచుండగా మరియొకడు వ్రాసికొనును. తరువాత పలకను తలక్రిందులు చేసి మరల కొలుచుట పద్ధతి. ఏలన మనుష్యుని కన్ను ఒక ప్రక్కకు మొగ్గుచుండును. ఇట్లు ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రముల స్థానములు పండ్రెండు సంపుటములలో అచ్చయ్యెను. అందులో ఒక్క వాక్యము లేదు, అన్నియు అంకెలే. ఇంత నీరసమైన గ్రంథము మన దేశమున మరియొకటి అచ్చుపడి యుండదేమో.

అయినను నీరసమునకు తన కాలము వచ్చును. యూరపువారు పంపిన హిప్పార్కసు ఉపగ్రహము 1989 నుండి 1993 వరకు నక్షత్రముల స్థానములను అతిసూక్ష్మముగా కొలిచినది. కాని నక్షత్రము ఎంత వేగముగా ఏ దిక్కునకు జరుగుచున్నదో తెలియవలెనన్న నేటి కొలత యొక్కటి చాలదు. చాలకాలము క్రిందటి కొలత కావలెను. అప్పుడు శాస్త్రజ్ఞులు పాత పట్టీల సంపుటములను వెదకి, వాటి అంకెలన్నిటిని యంత్రగణనకు ఎక్కించి, క్రొత్త కొలతలతో పోల్చిరి. ఇట్లు 2000 సంవత్సరమున వెలువడిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రముల గమనములు కలవు. వాటిని నిర్ణయించిన పాత సాక్ష్యములలో బేగంపేట బల్లమీద కొలిచిన పలకలును ఉన్నవి. ఉపగ్రహము ఎంత గొప్పదైనను గతములోనికి పోయి చిత్రము తీయజాలదు. పాత పలకకు విలువ దాని అందమువలన కాదు, దానిమీది తేదివలన.

నిజామియా వేధశాలలో సహాయకుడుగా పనిచేసిన మలయాళీ యొకాయన కుమారుడు ఆ ఆవరణములోనే తారలను నేర్చుకొనెను. అతడే వేణు బప్పు. 1949లో హార్వర్డునందు విద్యార్థిగా నుండగా, ఛాయాచిత్రఫలకమును పరీక్షించుచు దానిమీద క్రొత్త తోకచుక్క నొకదానిని కనుగొనెను. బప్పు–బాక్–న్యూకర్క్ అను పేర అది ప్రసిద్ధమైనది. ఫలకమును చూచు కన్ను అతనికి హార్వర్డులో రాలేదనియు, బాల్యముననే హైదరాబాదులో వచ్చినదనియు తలచుటకు నాకు సంకోచము లేదు. 1960లో కొడైకెనాలు వేధశాలకు అధిపతియై, తరువాత తమిళదేశమున కావలూరు వేధశాలను నెలకొల్పినదియు అతడే.

గోపురము లేదు, పలక లేదు, జమీ అంతకంటె లేదు—ఐనను నిలిచిన ఇంటి వేధశాల యొకటి వంగదేశమున కలదు. నేటి బంగ్లాదేశములోని జెసోరు ఖజానాలో చిరుద్యోగియైన రాధాగోవింద చంద్ర (1878–1975) 1912లో మూడంగుళముల దూరదర్శినిని తెప్పించుకొని, వెలుగు మారుచుండు నక్షత్రములను రాత్రివెంబడి రాత్రి చూచి, వాటి కాంతిని నోటుపుస్తకములో వ్రాసి, అమెరికాలోని చరతారా పరిశీలకుల సంఘమునకు టపాలో పంపుచుండెను. ఆయన ఛాయాచిత్రములు తీయలేదు. కాని చీకటిగది చేయవలసిన తక్కిన పనినంతను ఒక బల్లయు, ఒక సిరాబుడ్డియు చేసెను. పంపిన పరిశీలనములు 37,000కు పైబడినవి. 1926లో ఆ సంఘము ఆయనకు ఆరంగుళముల దూరదర్శిని నొకదానిని బహూకరించెను. దేశవిభజనానంతరము ఆయన ఇల్లు విడిచి సరిహద్దు దాటి బారాసత్ చేరినప్పుడు దూరదర్శినియు వెంటవచ్చెను. ఇల్లు పోయినది; వ్రాతలు మాత్రము అప్పటికే సముద్రమునకావల భద్రముగా నుండెను. ఆ దూరదర్శిని తరువాత వేణు బప్పు చేతికి వచ్చి, కావలూరు చేరినది.

నేడు మన నగరములలో మిద్దెమీద చిన్న దూరదర్శిని నిలిపి, క్రింది గదిలో కూర్చుండి ఆకాశమును చిత్రించువారు అనేకులున్నారు. 1969లో బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్ అనువారు కనిపెట్టిన సి.సి.డి. అను సిలికాను ఫలకమును, తరువాత వచ్చిన దాని సోదరులును గాజుపలక స్థానమును ఆక్రమించినవి. చీకటిగదిలో ఇప్పుడు చీకటి లేదు, కంప్యూటరు తెర వెలుగుచుండును. రసాయనముల వాసన పోయినది. మార్గదర్శక నక్షత్రమును కనిపెట్టు పనిని గూడ మరియొక చిన్న కెమెరా చేయుచున్నది. రాబర్ట్సు మెడనొప్పి లోకమునుండి తొలగినది. నాలుగు గంటల పలకకు బదులు రెండేసి మూడేసి నిమిషముల చిత్రములు నూరు తీసి కలుపుదురు. నూరు కలిపినచో ఫలకమునందలి యాదృచ్ఛికమైన కలత పదవవంతునకు తగ్గును. మూత వేసి అంతే కాలము, అంతే చల్లదనములో తీసిన చిత్రములను అసలు చిత్రమునుండి తీసివేయుదురు. సమానముగా వెలుగు పరచిన తెల్లని తలమును చిత్రించి, దానితో ధూళిమచ్చలను, అంచుల మసకను సరిచేయుదురు. పేర్లు క్రొత్తవైనను ఇది పలకను తలక్రిందులు చేసి మరల కొలిచిన పనికి వారసత్వమే—చూచు సాధనముయొక్క దోషమును ముందుగా తెలిసికొనుట.

గదిని గూర్చి పాతవారు తెలిసికొన్నవి చాలవరకు నేటికిని చెల్లును. దూరదర్శిని నిలిచిన స్తంభము ఇంటి నేలను తాకరాదు. తాకినచో లోపల తలుపు వేసినప్పుడెల్ల నక్షత్రము వణకును. గదిలోని వేడిగాలి దూరదర్శిని ముందుగా పైకి పోవు మార్గము ఉండరాదు. పగలెల్ల కాగిన మిద్దెమీద తొలిజామున తీసిన చిత్రము అలలమీది ప్రతిబింబమువలె నుండుటకు కారణము ఇదియే. సముద్రతీరమున నివసించువారికి వర్షాకాలము నక్షత్రములను మరుగుపరచుటయే గాక కటకములమీద బూజు పట్టించును. మూతగల పెట్టెలో తేమపీల్చు గుళికలు వేసి దాచనివారు కార్తికమాసమున విచారింతురు. నగరపు వెలుగును గూర్చి చెప్పనక్కరలేదు. బేగంపేట చుట్టును నగరము పెరుగగా ఉస్మానియావారు 48 అంగుళముల దూరదర్శినిని 1968లో దూరముగా రంగాపురములో నిలుపవలసివచ్చెను. లడాఖులోని హాన్లే చుట్టునున్న ప్రదేశమును 2022లో చీకటి ఆకాశపు రక్షితప్రాంతముగా ప్రకటించిరి. చీకటిని గూడ కంచె వేసి కాపాడవలసిన దినములు వచ్చినవి.

ఇన్ని సౌకర్యములున్న నేటి గదిలో నాకు కొరతగా కనబడునది బీరువా. గాజుపలక పగిలిననే తప్ప పోదు. డిస్కు ఏ చప్పుడును లేకయే పోవును. సంకేతపదము తెలిసిన మనుష్యుడు మరణించినచో కంప్యూటరులోని పదునైదేండ్ల ఆకాశము ఇంటివారికి తెరచుకొనదు. అంతకంటె ముందే జరుగు నష్టము మరియొకటి కలదు. చిత్రమునకు రంగులు దిద్ది, అందముగా చేసి, నలుగురికి చూపిన తరువాత, దిద్దకముందున్న మూలచిత్రములను చోటు చాలదని తుడిచివేయువారు తక్కువమంది కారు. రేపు ఆ మూలలో ఒక నక్షత్రము భగ్గుమన్నచో, అది నిన్న ఎట్లుండెనో చెప్పగలిగినవి తుడిచివేసిన చిత్రములే.

పాత వేధశాలలలో ప్రతి పలకకును ఒక కాగితపు సంచి, ఆ సంచిమీద సంఖ్య, తేది, చూపిన దిక్కు, తెరచిన సమయము, మూసిన సమయము, గాలి స్థితి, పనిచేసినవాని పొడి అక్షరములు ఉండును. 1981లో ప్రకటితమైన ఫిట్స్ అను కట్టుబాటు ప్రకారము నేటి చిత్రపు దస్త్రము తలభాగములో ఈ వివరములన్నిటిని వ్రాయుటకు చోటు కలదు. కెమెరా కొన్నిటిని తానే వ్రాయును. గాలి స్థితిని, పనిచేసినవాని పేరును మాత్రము బల్లదగ్గర కూర్చున్న మనుష్యుడు వ్రాయవలెను.